మేడ మీంచి కాగితాలు

జూన్ 3, మంగళవారం

ఇవాళ నా ప్రింటర్ ఊరుమ్మడి అయిపోయింది. చేసింది నా కూతురే. ఒక్క చోట నిలవదని వాళ్ల నాన్న దానికి మిడత అని ఊరికే పేరు పెట్టలేదు. రేపోమాపో ట్రైనింగ్‌కి వెళ్లాల్సిన పిల్ల, బట్టలు సర్దుకోవడం మానేసి నా కుట్టు గదిలో దూరి, కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ మధ్య ఉన్న వైరు పీకి పారేసింది. వైఫైలో పెట్టిందట. ఇక ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుని అయినా ప్రింట్ కొట్టొచ్చట.

ఎవరు కొడతారే అన్నాను. ఆ ప్రింటర్ నాకు అన్నం పెట్టేది. ఆసుపత్రి తెల్లకోట్ల పాటర్న్‌లన్నీ అందులోనే తీస్తాను. కాగితం పక్కన కాగితం టేపు వేసి అతికిస్తే వీపు ముక్క, చేతుల ముక్కలు, కాలర్ తయారవుతాయి. ఒక్క కాగితం అటూ ఇటూ అయితే కోటు కోటు కాదు, గోనెసంచి. మీ నాన్నకి ఒక మెసేజ్ పంపడమే బరువు, ఆయన ప్రింట్ కొడతాడా అని కూడా అడిగాను. తాతయ్య టాబ్లెట్‌లో కూడా పెట్టేశానమ్మా అంది. ఆయనకెందుకు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

జూన్ 9, సోమవారం

మిడత వెళ్లిపోయింది. ఇల్లు చప్పుడు లేకుండా అయిపోయింది. ఇప్పుడు మిగిలింది కింద నేను, మేడ మీద మామయ్య. మా ఆయన బస్సు డ్రైవరు. ఇంట్లో ఉన్నాడంటే నిద్రపోతున్నాడని అర్థం.

మామయ్య గురించి ఎప్పుడూ రాయలేదు ఇందులో. రాస్తాను. ఆయన కూరగాయల మార్కెట్‌యార్డులో వేలం వేసేవారు. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. యార్డు ఈ మూల అరిస్తే ఆ మూల బళ్లు కదిలేవని చెప్పుకునేవారు. ఇంట్లోనూ అంతే. మంచినీళ్లు అడిగినా టమాటా పాట పెట్టినట్టే ఉండేది. మొన్న చలికాలంలో గొంతులో గడ్డ అన్నారు, క్యాన్సర్ అన్నారు, స్వరపేటిక మొత్తం తీసేశారు. మనిషి బతికాడు. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రం, ఊపిరి అందులోంచే. మాట మాత్రం లేదు.

ఆసుపత్రి వాళ్లు ఒక మెషీన్ ఇచ్చారు. టార్చిలైటంత ఉంటుంది. మెడకి ఆనించుకుని పెదాలు కదిపితే మాట వస్తుంది. కాకపోతే రేకు డబ్బాలో తుమ్మెద మాట్లాడినట్టు వస్తుంది. ఆయన ఒక్కసారి పెట్టుకుని, ఆ శబ్దం తనే విని, మొహం మాడ్చుకుని దాన్ని అలమారలో పడేశారు. మాటలు నేర్పే టీచరమ్మ ఉంది ఆసుపత్రిలో. గురువారం గురువారం తీసుకురండి, ఆలస్యం చేస్తే మౌనం అలవాటైపోతుంది, అలవాటైనవాళ్లు మళ్లీ మాటల్లోకి రావడం నేను చూడలేదు అని మెల్లగా చెప్పింది. ఈయన వెళ్లరు. గది దాటరు. తిండి కూడా తగ్గింది. నాకున్న భయం అదే, ఆ మనిషి అలా గోడలా అయిపోతారేమో అని.

ఇంకో తమాషా. ఆయనకీ నాకూ మధ్య సూటిగా మాటల్లేవు. పోట్లాటేం కాదు. నేను కాపురానికి వచ్చిన రోజునుంచీ అంతే. నేను ఎదురుగా నిలబడి ఉన్నా సరే, అమ్మాయితో చెప్పు అని అత్తయ్యతో అనేవారు. నేనూ, మామయ్యకి చెప్పండత్తయ్యా అనేదాన్ని. మధ్యలో అత్తయ్య పోస్టాఫీసు. అత్తయ్య పోయాక ఆ ఉద్యోగం మిడతకి వచ్చింది. ఇప్పుడు మిడతా లేదు.

జూన్ 10, మంగళవారం

గుమ్మం దగ్గర స్టూలు మీద పళ్లెం పెట్టి, తలుపు తట్టి, దిగి వచ్చేశాను. కాసేపటికి పళ్లెం లోపలికి వెళ్లింది. అదీ మా సంభాషణ.

జూన్ 14, శనివారం

గుండె ఆగినంత పనైంది. కాలర్ కత్తిరిస్తున్నాను. నా కంప్యూటర్ ఆపేసి ఉంది. ప్రింటర్ దానంతట అదే మూలిగి, గిర్రున తిరిగి, ఒక కాగితం బయటికి తోసింది. కాగితం నిండా ఒకటే మాట. ఒక్కో అక్షరం నా అరచెయ్యంత ఉంది.

నీళ్లు.

కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దెయ్యమో, వైరసో అనుకున్నాను. తర్వాత వెలిగింది. మామయ్యా! మిడత పెట్టిన టాబ్లెట్!

చెంబు పట్టుకుని మేడ ఎక్కాను. స్టూలు మీద పెట్టి దిగేలోపు కింద మళ్లీ గిర్రుమంది. చల్లవి కాదు, అని ఉంది. నవ్వు ఆగలేదు. ఒక్కదాన్నే బల్ల మీద వాలిపోయి నవ్వాను. తర్వాత ఆ కాగితం మళ్లీ చూశాను. అమ్మాయితో చెప్పు అని లేదు అందులో. నీళ్లు అన్నది ఇంట్లో ఎవరికైనా వేసే కేక. ఇన్నేళ్లలో ఆయన నేరుగా నాతో అన్న మొదటి మాట, చల్లవి కాదు.

జూన్ 17, మంగళవారం

ఖర్మ కాకపోతే ఏమిటి! కాగితాల వరద. ఫ్యాను చప్పుడు చేస్తోంది. ఒక కాగితం. పేపరు వాడు రాలేదు. ఇంకో కాగితం. మీ ఆయన గురక ఇక్కడిదాకా వస్తోంది. అదొక కాగితం. రిమ్ముకి రిమ్ము కరిగిపోతోంది. నల్ల సిరా గీత కూడా కిందికి దిగింది.

మిడతకి ఫోన్ చేసి నీ వల్లే అని తిట్టాను. పలక ఇచ్చారు కదా ఆసుపత్రిలో, దాని మీద రాయొచ్చు కదా అన్నాను. అది నవ్వి, పలక అయితే ఎదురుగా నిలబడి చూపించాలి కదమ్మా, తాతయ్యకి దూరంనుంచి కేకెయ్యడమే వచ్చు అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాటే తిరిగింది బుర్రలో. నిజమే. ఆ పెద్ద పెద్ద అక్షరాలు కేకలే.

జవాబు ఎలా ఇవ్వాలి మరి? మెట్ల మొదట్లో నిలబడి, వస్తున్నా మామయ్యా అని అరిచాను. అరిచాక నాకే సిగ్గేసింది. ఈ ఇంట్లో నేను అంత గొంతు ఎత్తడం ఇదే మొదలు. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది.

జూన్ 21, శనివారం

పాటర్న్ అతికించి, గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తిరించి చూస్తే చెయ్యి పొడుగు జానెడు ఎక్కువ వచ్చింది. ఎవరో కోతిని కొలిచి పంపినట్టుంది. బుర్ర పాడైపోయింది. మళ్లీ కాగితాలు పరిచి చూస్తే మోచేయి దగ్గర నా పాటర్న్ ముక్కల మధ్య ఇంకేదో కాగితం ఉంది. వెనక్కి తిప్పాను. కాఫీ ఆరిపోయింది, అని ఉంది. మధ్యలో ఆయన ప్రింట్ వచ్చి దూరింది, నేను ఫోన్ మాట్లాడుతూ బోర్లా ఉన్నదాన్ని అలాగే అతికించేశాను.

గుడ్డ పోయిందనుకున్నాను. కోపంతో మెట్ల దగ్గరికి వెళ్లాను. నోరు తెరిచాను. ఏమనాలి? మీ కాఫీని కోటు చెయ్యిలో కుట్టేశానండీ అనాలా? నవ్వొచ్చి వెనక్కి వచ్చేశాను. పొడుగు చెయ్యిని కోసి సరిచేస్తే సరిపోయింది.

జూన్ 27, శుక్రవారం

ఇవాళ ఆయన నన్ను నిలబెట్టారు. డాబా మీద తీగల నిండా ఉతికి ఆరేసిన కోట్లు. నేను కింద మిషన్ మీద తల వంచుకుని ఉన్నాను. మిషన్ చప్పుడులో బయట ఏం జరుగుతోందో తెలియదు. ప్రింటర్ మూలిగింది. వాన, పరిగెత్తు, అని.

పరిగెత్తాను. చివరి కోటు లాగేసరికి చినుకు పడింది. ఆ కోట్లు తడిసి మురికి పట్టి ఉంటే రేపు డెలివరీ గోవిందా. మెట్లు దిగుతూ ఆయన గది తలుపు సందులోంచి చూశాను. కిటికీ దగ్గర కుర్చీలో వీపు కనిపించింది. అలా కూర్చుని వీధి అంతా కాపలా కాస్తున్నారన్నమాట. ఆ వీపుకి దణ్ణం పెట్టాను. ఆయన చూడలేదులే.

జూలై 2, బుధవారం

ఇవాళ్టి సంగతి తీరిగ్గా రాయాలి.

ఆసుపత్రి స్టోర్ ఆఫీసర్ వచ్చాడు. కోట్ల మూట తెచ్చి నా బల్ల మీద విసిరినంత పని చేశాడు. జేబులు ఊడుతున్నాయన్నాడు. కుట్టు నాసిరకం అన్నాడు. ఊళ్లో మీరొక్కరే దర్జీ అనుకుంటున్నారా, రేపటినుంచి వేరేవాళ్లకి ఇచ్చేస్తాం అన్నాడు. పెద్ద నోరు. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. నాకు ఇలాంటప్పుడు నోరు పడిపోతుంది. ఇంట్లో పులిని, బయట పిల్లిని. తల వంచుకుని సరేనండీ, సరేనండీ అంటున్నాను.

ప్రింటర్ గిర్రుమంది. ఆఫీసర్ కూడా అటు చూశాడు. నేను కాగితం తీశాను. సరుకుని తిడుతున్నాడంటే కావాలనే, అక్కర్లేనివాడు తిట్టడు, వెళ్లిపోతాడు, తల ఎత్తు, అని ఉంది.

యార్డులో జీవితమంతా కొనేవాళ్ల మొహాలు చూసిన మనిషి మామయ్య. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. తల ఎత్తాను. నాకెక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు గానీ, జేబులో పెన్ను పెట్టుకుంటే ఊడదు సార్, కత్తెరలూ బాటరీలూ మోస్తే ఊడుతుంది, అంత బరువు మొయ్యాలంటే డబుల్ కుట్టుకి ఆర్డర్ ఇవ్వండి, అక్కర్లేకపోతే మూట ఇక్కడే వదిలేసి వెళ్లండి అన్నాను.

ఆఫీసర్ మూట పక్కకి జరిపాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కొంచెం మంచినీళ్లు ఇప్పిస్తారా అన్నాడు. డబుల్ కుట్టు ఎలా ఉంటుందో చూపించమన్నాడు.

వెళ్లాక మెట్ల మొదట్లో నిలబడి, థాంక్స్ మామయ్యా అని అరిచాను. ప్రింటర్ కదిలింది. ఏదో పెద్ద మాట వస్తుందని చూశాను. ఏ4 కాగితం నిండా ఒకే ఒక్క అక్షరం. ఊ. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పాటర్న్‌లు అంటించే గోడకి దాన్ని అంటించాను.

జూలై 12, శనివారం

టీచరమ్మ ఫోన్ చేసింది. పాపం మంచి మనిషి, ఇన్నిసార్లు ఎగ్గొట్టినా విసుక్కోలేదు. వచ్చే గురువారం పొద్దున్న మామయ్యకి టైము ఉంచానంది. కానీ ఈసారి కూడా రాకపోతే పేరు తీసేస్తాను, ఏమీ అనుకోవద్దు, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు వరస కట్టి ఉన్నారు అంది.

మెట్ల దగ్గర నిలబడి అంతా అరిచి చెప్పాను. ప్రింటర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

జూలై 14, సోమవారం

నోరు జారాను. సాయంత్రం మళ్లీ అడిగాను. దానికి జవాబుగా, దోమలు, అని ఒక కాగితం వచ్చింది. దోమలట! నాకు ఒళ్లు మండింది. మెట్లు సగం ఎక్కి అరిచాను. కాగితాల మీద ఎన్నాళ్లు బతుకుతారు మామయ్యా అన్నాను. నేను ఊరెళ్తే ఎవరికి కొడతారు ప్రింటు, కరెంటు పోతే ఎవరికి కొడతారు అన్నాను. ఆ మెషీన్ ఏం పాపం చేసింది, దాన్ని చీకట్లో పెట్టినట్టే మిమ్మల్నీ మీరు పెట్టుకున్నారు అన్నాను.

తర్వాత ఒక్క కాగితం కూడా రాలేదు. ఛీ, నా నోరు పాడుగాను.

జూలై 15, మంగళవారం

పొద్దున్నే కొత్త వైఫై డబ్బా వచ్చింది. పాతది రోజూ చచ్చి బతుకుతోంది కదా, మా ఆయన మార్పించాడు. కొత్త పాస్‌వర్డ్. నా ఫోన్లో, కంప్యూటర్లో కొట్టాడు. మేడ ఎక్కి వాళ్ల నాన్న టాబ్లెట్లోనూ కొట్టాడు. ఎంత బాధ్యతో అనుకుని డ్యూటీకి క్యారేజీ కట్టి పంపాను.

ఇవాళ కాగితం లేదు.

జూలై 16, బుధవారం

ఇవాళా లేదు. కత్తిరింపు అయిపోయింది, కుట్టడమే మిగిలింది, కాబట్టి నాకూ ప్రింటర్‌తో పని పడలేదు. గది ఎంత నిశ్శబ్దంగా ఉందో. మొన్నటిదాకా ఈ కాగితాల గోల ఎప్పుడు వదులుతుందా అనుకున్నాను.

అలిగారు. సరే, నేనూ అలిగాను. అయినా ఉండబట్టలేక సాయంత్రం మెట్ల దగ్గరికి వెళ్లి, రేపు వెళ్దామా మామయ్యా, నేను వస్తాను మీతో అన్నాను. ఈసారి మెల్లగానే అన్నాను. పరుగున వచ్చి ప్రింటర్ ముందు నిలబడ్డాను. ట్రేలో కాగితాలు ఉన్నాయా అని కూడా చూశాను. ఉన్నాయి. అన్నం ఉడికేదాకా నిలబడ్డాను. ఏమీ రాలేదు.

టీచరమ్మకి ఫోన్ చేసి రారండీ అని చెప్పేశాను. ఆవిడ అయ్యో అంది, అంతే.

జూలై 17, గురువారం

స్టూలు మీద పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది.

జూలై 18, శుక్రవారం

ఇవాళ్టి సంగతి రాయాలని లేదు. అయినా రాస్తాను.

కొత్త సైజు పాటర్న్ తీద్దామని ప్రింట్ కొట్టాను. రాలేదు. మళ్లీ కొట్టాను. ప్రింటర్ దొరకడం లేదు అంటోంది కంప్యూటర్. ఎదురుగానే ఉంది కదా దరిద్రమా అని తిట్టి, మిడతకి ఫోన్ చేశాను. వైఫై మార్చారా అంది. మార్చాం అన్నాను. కొత్త పాస్‌వర్డ్ అందరికీ పెట్టారా అంది. అందరికీ పెట్టాడే మీ నాన్న అన్నాను. ప్రింటర్‌కి? అంది.

ప్రింటర్‌కా అన్నాను. ప్రింటర్‌కి పాస్‌వర్డ్ ఇవ్వాలని ఎవరికి తెలుసు? మా ఆయన ఇంట్లో మనుషులందరికీ ఇచ్చాడు. అదొకటి ఉందని మరిచిపోయాడు.

అది చెప్పింది చెప్పినట్టు చేశాను. వెనక బటన్ నొక్కి పట్టుకోమంది, నీలం లైటు మెరిసేదాకా. ఫోన్లో ఏదో తెరవమంది. పాస్‌వర్డ్ కొట్టమంది. లైటు మెరవడం ఆగి నిలకడగా వెలిగింది. ఇక నీ పాటర్న్ వస్తుందమ్మా అంది మిడత.

పాటర్న్ రాలేదు. పెద్ద అక్షరాలు వచ్చాయి.

నువ్వన్నది నిజం, అని మొదటిది. దాని వెనకే, మెషీన్ బయటికి తీశాను, చార్జింగ్ పెట్టాను, అని. ఇంకోటి, ఆ శబ్దం నలుగురూ వింటారని సిగ్గు, అని. నేను ఒక్కొక్కటీ అందుకుంటున్నాను, అది ఆగకుండా తోస్తోంది. వెళ్దాం. నువ్వు రావాలి, వాడు వద్దు. ఇది బుధవారం సాయంత్రానిది అయి ఉంటుంది, నేను ఇక్కడ ట్రేలో కాగితాలు చూసుకుంటూ నిలబడ్డప్పటిది. తర్వాతది, తయారయ్యాను. టైమవుతోంది. ఆటో పిలిచావా? ఇంకొక కాగితం మీద ఉత్తి, అమ్మాయ్, అని.

చివరి దాని మీద అక్షరాలు చిన్నవి. అందరూ రాసుకునేంత చిన్నవి. పైన ఒక మూలకి, సరే, అని.

మూడు రోజులుగా ఆ మనిషి కేకలు పెడుతూనే ఉన్నాడు. వినపడనిది నాకు. గురువారం పొద్దున్న తయారై కూర్చుని నా కోసం చూశాడు. నేను తలుపు తట్టి, పళ్లెం పెట్టి, అలిగి దిగి వచ్చాను!

ఫోన్ లైన్లోనే ఉంది. మిడత అమ్మా అమ్మా అంటోంది. బల్ల మీద పడేసి పరిగెత్తాను. కాగితాలన్నీ గుండెకి అదుముకుని మేడ ఎక్కాను. స్టూలు దాటి, తలుపు తోసి, లోపలికి వెళ్లిపోయాను. ఆయన ఉండగా ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా కుర్చీకి వేలాడుతోంది. మెషీన్ మళ్లీ అలమారలోకి పోయింది.

మామయ్యా, ఇవి ఇప్పుడు వచ్చాయి నాకు, ఇప్పుడే అన్నాను. ఆయన లేచి నన్ను చూశారు. కోపం లేదు ఆ మొహంలో. కాగితాలు ఆయన ముందు పరిచాను. వైఫై మార్చారు, మీ అబ్బాయి ఇంటిల్లిపాదికీ పాస్‌వర్డ్ ఇచ్చి ప్రింటర్‌ని మరిచిపోయాడు, మీరు అలిగారని నేననుకున్నాను, నేను అలిగానని మీరనుకున్నారు, నాకు ఒక్క కాగితం వచ్చి ఉంటే ఆటో కాదు, అంబులెన్సు పిలిచి అయినా తీసుకెళ్లేదాన్ని అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. ఊపిరి ఆడడం లేదేమోనని భయపడిపోయాను. దగ్గరికి వెళ్లి చూస్తే నవ్వుతున్నారు! శబ్దం లేని నవ్వు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నేను నేల మీద చతికిలబడి ఏడ్చాను. నాకు శబ్దం ఉంది కదా, ఇద్దరికీ సరిపడా ఏడ్చాను.

జూలై 19, శనివారం

టీచరమ్మకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ప్రింటర్ సంగతి చెప్తే ముందు నమ్మలేదు. తర్వాత నవ్వింది. ఆ టైము వేరేవాళ్లకి వెళ్లిపోయిందట. ఉన్న మాట చెప్పింది. అయినా గురువారం వచ్చి కూర్చోండి, ఎవరైనా రాకపోతే మీ పేరు పిలుస్తాను, ఎవరూ మానకపోతే నా భోజనం టైములో చూస్తాను అంది. ఇలాంటివాళ్లని చల్లగా చూడు దేవుడా.

మా ఆయనకి చెప్పాను. తిన్నగా మేడ ఎక్కి, వాళ్ల నాన్న కాళ్ల దగ్గర కూర్చుని వచ్చాడు. తిడదామనుకున్నాను, బుద్ధి పుట్టలేదు.

జూలై 21, సోమవారం

అద్దం పట్టుకుని నేను, మెషీన్ పట్టుకుని ఆయన. మెడ మీద సరైన చోటు దొరకాలి. కొంచెం పక్కకి జరిగితే ఉత్తి బుర్రుమంటుంది. దొరికినప్పుడు మాట పడుతుంది. తొందరపడకండి మామయ్యా, ముక్క ముక్కగా పలకండి అంటే ఆయనకి నచ్చదు. జీవితమంతా గుక్క తిప్పుకోకుండా అరిచిన మనిషి మరి. బుర్రుమన్నప్పుడల్లా దాన్ని మంచం మీద పడేస్తారు. నేను తీసి చేతిలో పెడతాను. పొద్దుటినుంచీ ఇదే పని. కోట్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, ఉండనీ.

జూలై 24, గురువారం

ఆసుపత్రిలో పొద్దుటినుంచి కూర్చున్నాం. ఎవరూ మానలేదు. ఆ వరండాలో బెంచీల మీద అందరూ ఒకే రకం మనుషులు, మెడకి చిన్న గుడ్డలు కట్టుకుని. మాట లేదు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోరు. పక్కన కూర్చున్న పెళ్లాలూ కొడుకులూ కూడా గుసగుసలే. ఇంతమంది ఉండి ఇంత నిశ్శబ్దం నేను ఎక్కడా చూడలేదు.

ఆయా వచ్చి, మూలనున్న ఒక నల్ల గొడుగు ఎత్తి, ఎవరిదిది, ఎవరిదంటే చెప్పరేం అని కసిరింది. అక్కడున్నవాళ్లని పట్టుకుని చెప్పరేం అంటుందా! నాకు తిక్క రేగింది. నేను లేచేలోపు మామయ్య లేచారు. ఆయా చేతిలోంచి గొడుగు తీసుకున్నారు. టప్పున విప్పారు. రెండో చేత్తో మెషీన్ మెడకి ఆనించారు.

వేలం మొదలుపెట్టారు!

తుమ్మెద గొంతే. సగం మాటలు అర్థం కాలేదు. కానీ ఆ తాళం ఉంది చూడండి, అది యార్డుదే. గొడుగుని తిప్పి చూపించారు, కర్ర కొట్టి చూపించారు. వానకి వాన, ఎండకి ఎండ, అన్నది మాత్రం నాకు తెలిసింది. వరండా అంతా తలలు ఎత్తి చూసింది. ఒకాయన మెల్లగా వేలు ఎత్తాడు. మామయ్య అటు చెయ్యి చూపించి పాట పెంచారు. ఇంకొకావిడ వేలు ఎత్తింది. ఇంకొకళ్లు. అప్పుడు నాకు తట్టింది. వేలంలో కొనేవాడు నోరు తెరవక్కర్లేదు. వేలు ఎత్తితే చాలు. అందరూ సరిసమానం అక్కడ. మూల ఒక పెద్దాయన పొద్దుటినుంచి తల ఎత్తలేదు, పక్కన భార్య పళ్లరసం పట్టుకుని బతిమాలుతోంది. ఆయన తల ఎత్తాడు. వేలు ఎత్తాడు. మామయ్య ఆయన్నే చూస్తూ, ఒకటోసారి, రెండోసారి అని ఆగారు. మిగతావాళ్లు వేళ్లు దించేశారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లకే తెలిసింది. మూడోసారి! అని గొడుగు మూసి ఆయన చేతిలో పెట్టారు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఎంత గట్టిగా కొట్టానో, ఇప్పటికీ అరచేతులు ఎర్రగా ఉన్నాయి.

తలుపు తీసుకుని టీచరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. ఆ గొడుగు నాది అంది. తర్వాత మామయ్య వైపు తిరిగి, మీకు నేను నేర్పేది ఏమీ లేదు గానీ లోపలికి రండి, నాకు కాస్త సాయం కావాలి అంది. ప్రతి గురువారం వచ్చి ఆ వరండాలో కూర్చోమని అడిగింది. ఆయన నా వైపు చూశారు. వెళ్దాం మామయ్యా, ప్రతి గురువారం వెళ్దాం అన్నాను.

ఆటోలో ఇంటికి వస్తూ మెషీన్ తీసి, నా పక్కకి తిరిగి, నీ వల్లే అన్నారు. నా వల్లే ఏమిటి మామయ్యా, మీ మనవరాలి వల్ల, టీచరమ్మ వల్ల అని వాగాను. ఆయన మళ్లీ అదే మాట అన్నారు. ఆటో అబ్బాయి అద్దంలోంచి చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాను.

ఆగస్టు 16, శనివారం

మిడత ఫోన్ చేస్తే ఆయనే తీశారు. అది అవతల బావురుమంది. ఈయన ఇవతల దాన్ని కసురుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి హాయిగా విన్నాను.

సెప్టెంబరు 6, శనివారం

ఇవాళ మామయ్యా నేనూ పోట్లాడుకున్నాం. ఒంటరిగా యార్డుకి వెళ్తారట. ఆ దుమ్ము మెడలోకి పోతే ఎవరిది పూచీ అన్నాను. నువ్వెవరు చెప్పడానికి అన్నారు. ఈ ఇంటి కోడల్ని అన్నాను. ఇల్లు దద్దరిల్లింది. మా ఆయన నిద్ర లేచి వచ్చి, మధ్యలో దూరబోయి, ఇద్దరి చేతా తిట్లు తిని వెళ్లిపోయాడు. మాట మధ్యలో మెషీన్ చార్జింగ్ అయిపోయింది. ఆగు అన్నట్టు చెయ్యి చూపించి, వెళ్లి ప్లగ్గులో పెట్టారు. అది ఎక్కేదాకా నేను నోరు మూసుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన వంతు కదా.